అడ్రినల్ గ్రంథి వ్యాధులు, వంశపారంపర్యం: కృష్ణా డెల్టా నేపథ్యం

అడ్రినల్ గ్రంథులు మూత్రపిండాల పైభాగాన కుడి ఎడమల చెరొకటి ఉంటాయి. పాఠ్యపుస్తకాలు వీటిని అధివృక్క గ్రంథులంటాయి. పెద్దవారిలో ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువుంటుంది. కార్టెక్స్ అనే పై పొరలో మూడు రకాల హార్మోన్లు తయారవుతాయి. ఆల్డోస్టిరాన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతుంది. కార్టిసాల్ జ్వరం, దెబ్బ, పస్తు వంటి కష్టకాలంలో రక్తపోటునూ చక్కెరనూ కాపాడుతుంది. వీటికి తోడు కొద్దిపాటి పురుష హార్మోన్లు. మెడుల్లా అనే లోపలి భాగం అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఈ గ్రంథి జబ్బుల్లో కొన్ని క్షయ వల్ల, కొన్ని గడ్డల వల్ల, కొన్ని మందుల వాడకం వల్ల వస్తాయి. మరికొన్ని తల్లిదండ్రుల జన్యువుల నుంచి బిడ్డకు సంక్రమిస్తాయి. తెలుగు ప్రాంతాల్లో ఈ చివరి వర్గానికి ఎక్కువ ప్రాముఖ్యం ఉంది. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు ఇక్కడ తరతరాలుగా జరుగుతుండటమే అందుకు కారణం.

రెండో వారంలో వచ్చే ప్రమాదం

డెల్టాలోని ముదినేపల్లి, గుడివాడ, కైకలూరు పల్లెల్లో తొలి కాన్పు పుట్టింటివారిది. ఆసుపత్రిలో కాన్పయ్యాక రెండు మూడు రోజులకు, సిజేరియన్ అయితే ఐదారు రోజులకు తల్లీబిడ్డలు ఇల్లు చేరతారు. పదకొండో రోజున పురుడు, ఇరవయ్యొకటో రోజున బారసాల. కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా అనే జబ్బు పుట్టుకతోనే వస్తుంది. డాక్టర్లు దీన్ని పొట్టిగా సీఏహెచ్ అంటారు. దీని తీవ్రరూపం ఎక్కువగా రెండో వారంలో, అంటే పురుడు జరిగే రోజుల్లోనే బయటపడుతుంది. అప్పటికి బిడ్డ డాక్టరు కనుచూపులో ఉండదు.

బిడ్డ పాలు సరిగా తాగదు, తాగినదంతా కక్కేస్తుంది. పెరగాల్సిన బరువు తగ్గుతుంది. నోరెండి, కళ్ళు గుంటలు పడి, ఏడ్చే ఓపిక లేక పడి ఉంటుంది. రక్తంలో సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు పాలు పడలేదంటారు, దిష్టి తగిలిందంటారు, పక్షిదోషమని మంత్రం వేయిస్తారు. ఆసుపత్రికి తీసుకెళ్ళినా వాంతులనో ఇన్ఫెక్షన్ అనో భావించి వైద్యం మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. సెలైన్ ఎక్కినంతసేపు తేరుకున్నట్టు కనిపించి, ఆపగానే బిడ్డ మళ్ళీ జారిపోతుంది. ఆ సమయంలో సోడియం, పొటాషియం చూసి అడ్రినల్ గ్రంథిని అనుమానించేవారు లేకపోతే బిడ్డ దక్కదు.

కొలెస్ట్రాల్ నుంచి కార్టిసాల్ తయారవ్వాలంటే వరుసగా కొన్ని ఎంజైములు పనిచేయాలి. వాటిలో 21-హైడ్రాక్సిలేజ్ ఒకటి. సీఏహెచ్ కేసుల్లో నూటికి 90 నుంచి 95 ఈ ఎంజైము లోపం వల్లనే. కార్టిసాల్ చాలడం లేదని గుర్తించిన పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. ఆ ప్రేరణకు అడ్రినల్ గ్రంథి లావెక్కుతుంది. ముందుకు సాగలేని ముడిసరుకు పురుష హార్మోన్ల తయారీ వైపు మళ్ళుతుంది. గర్భంలో ఉన్న ఆడపిండం మీద ఈ హార్మోన్ల ప్రభావం పడి బాహ్య జననాంగాలు మగబిడ్డవిలా మారవచ్చు. గర్భాశయం, అండాశయాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. అందుకని ఆడపిల్లలో తేడా పుట్టగానే కనబడి, పరీక్షలకు దారితీసే వీలుంటుంది. మగబిడ్డలో ఆ గుర్తు ఉండదు. చూడటానికి నిండుగా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పది పన్నెండు రోజులకు ప్రమాదంలో పడతాడు. స్క్రీనింగ్ లేని చోట్ల మగపిల్లల్లో ఈ జబ్బు తక్కువగా నమోదు కావడానికి కారణం ఇదే: జబ్బుకు పేరు పెట్టేలోపే ప్రాణం పోతుంది.

ఆడపిల్లల కష్టం వేరు. మంత్రసాని చేతిలోనో హడావిడి కాన్పు గదిలోనో మగపిల్లవాడని చెప్పేస్తే, ఆ బిడ్డ మగపేరుతో పెరిగి, యుక్తవయసులో నిజం తెలిసి కుటుంబమంతా నలిగిపోయే సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. పసితనంలోనే శస్త్రచికిత్స చేయాలా, బిడ్డ తానే నిర్ణయించుకునేదాకా ఆగాలా అన్న చర్చ నేటికీ తెగలేదు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు అరుణ్‌కుమార్, శ్రీజ కేసు తీర్పులో ఇంటర్‌సెక్స్ శిశువులకు ఇలాంటి ఆపరేషన్లు చేయరాదని చెప్పింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. ప్రాణాపాయం ఉంటే తప్ప తొందరపడి కత్తి పట్టకూడదన్న ఆ ధోరణి సరైనదే. అయితే సీఏహెచ్ ఉన్న బిడ్డకు హార్మోను మందులు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదు. ఈ రెంటినీ కలగాపులగం చేసుకుంటే ప్రమాదం.

హైదరాబాదు చూపిన లెక్క

భారతదేశంలో ఈ జబ్బు ఎంత ఉందో చెప్పే తొలి గట్టి అంచనాల్లో ఒకటి తెలుగు నేల మీద పుట్టింది. ఎ. రాధా రమాదేవి, ఎస్.ఎం. నౌషాద్ హైదరాబాదులోని నాలుగు పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల మడమ నుంచి రక్తపు చుక్కలు తీసుకుని పరీక్షించారు. ఫలితాలు 2004లో ఇండియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్‌లో వచ్చాయి. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి, సీఏహెచ్ 2,575 మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. ప్రపంచంలో చాలా దేశాల్లో సీఏహెచ్ పది నుంచి ఇరవై వేల మందిలో ఒకరికి కనిపిస్తుంది. హైదరాబాదు లెక్క దానికి ఎన్నో రెట్లు.

18,300 మందిలో ఆ నిష్పత్తి అంటే ఏడుగురు పిల్లలు. ఒకరిద్దరు అటూ ఇటూ అయినా రేటు మారిపోతుంది. ఇంకా పెద్ద పరిశీలన కావలసి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, హైదరాబాదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించింది. అందులో సీఏహెచ్ సగటున 5,762 మందిలో ఒకరికి ఉంది. చెన్నైలో అది 2,036 మందిలో ఒకరికి చేరింది. థైరాయిడ్ లోపం కూడా చెన్నైలోనే ఎక్కువ. అన్ని ఆసుపత్రుల్లోనూ ఒకే జనాభా ఉండదు కనుక వీటిని రాష్ట్రాల మధ్య పోటీ పట్టికగా చదవకూడదు. అయినా దక్షిణాదిన అంకెలు పైకి లేస్తున్నాయన్న సంగతిని మాత్రం కాదనలేం.

మేనరికం: వాదం, ప్రతివాదం

డెల్టాలో అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త కొడుక్కో మేనమామ కొడుక్కో పిల్లనివ్వడం కొత్త కాదు. పొలం బయటికి పోదు, పిల్ల కళ్ళెదుటే ఉంటుంది, కట్నం దగ్గర పేచీ తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి విడత నాటికి, అంటే 1992–93లో, ఆంధ్రప్రదేశ్ పెళ్ళిళ్ళలో దాదాపు మూడో వంతు రక్తసంబంధీకుల మధ్యే జరిగాయి. 2019–21 నాటి సర్వేలో కూడా ఆ వాటా నాలుగో వంతు దరిదాపుల్లో ఉంది.

ఈ పెళ్ళిళ్ళ జన్యు ఫలితాలను శాస్త్రీయంగా పరిశీలించే పని ఆంధ్రలో ఆరు దశాబ్దాల కిందటే మొదలైంది. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాకు వచ్చిన జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఇక్కడి మేనరికాలు అమూల్యమైన పరిశోధనాంశంగా కనిపించాయి. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, సహచరుడు పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల తీరును, ఫలితాలను అధ్యయనం చేశారు. ఆ వ్యాసం 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చింది. మీరాఖాన్ ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మానవ జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. తెలుగు పాఠశాలల్లో ఈ ఇద్దరి పేర్లూ వినపడకపోవడం విచారకరం.

లెక్క సులువైనదే. సీఏహెచ్ రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట జన్యువులు బిడ్డకు చేరాలి. ఒక్కటే ఉన్నవారు వాహకులు. వారికి ఏ జబ్బూ ఉండదు, తాము వాహకులమని వారికే తెలియదు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. 5,762 మందిలో ఒకరు అన్న రేటును బట్టి, మేనరికాల ప్రభావం పక్కన పెడితే, జనంలో సుమారు 38 మందికి ఒక వాహకుడు ఉంటాడు. వాహకుడైన యువకుడు బయటి సంబంధం చేసుకుంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 152లో ఒకటి. అతను అక్క కూతురిని చేసుకుంటే, అదే జన్యువు ఆ అమ్మాయిలో ఉండే అవకాశం నాలుగింట ఒకటి కనుక, బిడ్డకు ప్రమాదం 16లో ఒకటికి చేరుతుంది. మేనమామ కూతురైతే 32లో ఒకటి. అతను వాహకుడు కాకపోతే ఏ సంబంధమైనా ఈ జబ్బు విషయంలో పెద్దగా భయం లేదు. మేనరికం చేసుకున్నవారందరి పిల్లలకూ రోగాలొస్తాయన్న ప్రచారం తప్పు. ఏమీ కాదన్న ధీమా కూడా అంతే తప్పు.

వేల ఏళ్ళుగా మేనరికాలు జరుగుతున్నాయి కనుక ప్రాణాంతక జన్యువులు ఈపాటికి జనంలోంచి ఏరిపోయి ఉంటాయన్న వాదం ఒకటి ఎల్.డి. సంఘ్వీ 1966 నాటి వ్యాసం తర్వాత బలపడింది. తమిళనాడులో వెల్లూరు పరిశోధకులు పి.ఎస్.ఎస్. సుందరరావు, ఇన్‌బరాజ్ 1970ల చివర చేసిన పరిశీలనల్లో శిశుమరణాలపై మేనరికం ప్రభావం పెద్దగా కనపడలేదు. ఈ వాదం వినసొంపుగా ఉంటుంది. సీఏహెచ్ విషయంలో మాత్రం ఇది నిలవదు. ఆ సంగతి చెప్పాలంటే జన్యువు దగ్గరికి వెళ్ళాలి.

అసలు జన్యువు, పక్కనే నకలు

21-హైడ్రాక్సిలేజ్ తయారీకి సూచనలిచ్చే జన్యువు పేరు సీవైపీ21ఏ2. ఇది ఆరో క్రోమోజోము పొట్టి భుజం మీద, అవయవ మార్పిడిలో సరిచూసే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల మధ్య ఉంటుంది. పెరిన్ వైట్, మరియా న్యూ, బో డ్యూపాంట్ 1984లో దీన్ని వేరుపరిచారు. దీనికి కొద్ది దూరంలోనే అచ్చం దీన్ని పోలిన మరో జన్యువు ఉంది. అసలు దస్తావేజు పక్కనే చెదలు తిన్న నకలు భద్రపరిచినట్టు, ఇందులో అక్షరాలన్నీ దాదాపు అవే గాని పని చేయదు. వీర్యకణాలు, అండాలు తయారయ్యేటప్పుడు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డంపడి, నకలులోని తప్పు అసలులోకి ఎక్కుతుంది. కొన్నిసార్లు అసలు జన్యువే పెద్ద ముక్కగా ఎగిరిపోతుంది. రోగకారక మార్పుల్లో అత్యధిక భాగం ఇలా వచ్చినవే. సుమారు నూటికి ఒక కేసులో తల్లిదండ్రుల్లో లేని మార్పు బిడ్డలో కొత్తగా పుడుతుంది.

పాతవాటిని ప్రకృతి ఏరేస్తున్నా కొత్తవి తయారవుతూనే ఉంటాయి. అందువల్ల ఎన్ని తరాలు గడిచినా ఈ జన్యులోపం పూర్తిగా కడిగేసుకుపోయే అవకాశం లేదు. భారతీయ రోగుల్లో తరచుగా కనిపించేది జన్యువులో రెండో ఇంట్రాన్ అనే భాగంలోని ఒక మార్పు, దాని తర్వాత పెద్ద తొలగింపులు. నకలు జన్యువు ఉండటం వల్ల ల్యాబులో కూడా చిక్కే. మామూలు జన్యు పరీక్ష ఏది అసలో ఏది నకలో తేల్చలేక పొరబడవచ్చు. సీవైపీ21ఏ2 కోసం ప్రత్యేక పద్ధతి వాడే ల్యాబుకే నమూనా పంపాలి.

మందు ఉంది, జీవితాంతం వాడాలి

1950లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యుడు లాసన్ విల్కిన్స్ అప్పుడే అందుబాటులోకి వచ్చిన కార్టిసోన్‌ను ఈ జబ్బుకు ఇచ్చి ఫలితం చూపాడు. కార్టిసోన్ పరిశోధనకు కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా అదే ఏడాది. నేటికీ వైద్యానికి ఆధారం అదే సూత్రం: లోపించిన హార్మోనును బయటి నుంచి ఇవ్వడం. పిల్లలకు హైడ్రోకార్టిసోన్ బిళ్ళలు రోజుకు మూడుసార్లు, ఉప్పు పోగొట్టుకునే రకానికి ఫ్లూడ్రోకార్టిసోన్, పసితనంలో పాలతో పాటు కొలిచిన ఉప్పు. మోతాదు ఎక్కువైతే ఎదుగుదల ఆగుతుంది. తక్కువైతే పురుష హార్మోన్లు పెరిగి ఎముకలు ముందే ముదిరి, చిన్నప్పుడు ఎత్తుగా కనపడిన పిల్లవాడు పెద్దయ్యాక పొట్టిగా మిగిలిపోతాడు. 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన క్రినెసర్‌ఫాంట్ అనే మందు ఏసీటీహెచ్ తీవ్రతను తగ్గించి స్టెరాయిడ్ మోతాదును కుదించడానికి తోడ్పడుతుంది. హైడ్రోకార్టిసోన్ అవసరాన్ని మాత్రం అది తొలగించదు.

జ్వరం వస్తే మోతాదు రెండింతలో మూడింతలో చేయాలన్నది ఇంట్లో అందరికీ తెలియాల్సిన నియమం. వాంతులైతే బిళ్ళ ఒంటబట్టదు కనుక హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేయించాలి. పసిబిడ్డకు 25 మిల్లీగ్రాములు, బడి వయసు పిల్లలకు 50, పెద్దలకు 100. కోస్తా వేసవిలో చెమటతో ఉప్పు పోతుంది కనుక మోతాదు గురించి డాక్టరును ముందుగానే అడిగి ఉంచుకోవాలి. బిడ్డ జేబులో గాని మెడలో గాని జబ్బు పేరు, మందు పేరు తెలుగులో రాసిన కార్డు ఉండటం అవసరం. రాత్రివేళ నాగాయలంక నుంచో కోడూరు నుంచో 108 ఎక్కిన తల్లి దగ్గర ఆ కార్డు ఉంటే, విజయవాడ చేరకముందే సరైన సూది పడే అవకాశం పెరుగుతుంది.

తక్కిన వంశపారంపర్య రూపాలు

అడ్రినోల్యూకోడిస్ట్రఫీ ఎక్స్ క్రోమోజోము మీది జబ్బు. దానికి కారణమైన ఏబీసీడీ1 జన్యువును 1993లో గుర్తించారు. బాగా చదివే నాలుగు నుంచి పదేళ్ళ పిల్లవాడు ఉన్నట్టుండి బడిలో వెనకబడటం, చూపు, వినికిడి, నడక దెబ్బతినడం దీని లక్షణాలు. చాలామందిలో అడ్రినల్ లోపం అంతకంటే ముందే మొదలవుతుంది. జన్యువు తల్లి వైపు నుంచి వస్తుంది కనుక మేనమామల్లో ఎవరైనా చిన్నతనంలో ఇలాగే పోయారా అన్న ఒక్క ప్రశ్న దారి చూపవచ్చు. మెదడు దెబ్బతినకముందే గుర్తిస్తే ఎముక మజ్జ మార్పిడితో ఆపవచ్చు. అందుకే 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం దీన్ని మొదటి వర్గంలో చేర్చింది. ఇంకొకటి ట్రిపుల్ ఏ సిండ్రోమ్: ఏడ్చినా కన్నీరు రాదు, మింగుడు పడదు, కార్టిసాల్ చాలదు. ఇది అరుదు, మేనరికపు కుటుంబాల్లో కనిపించే అవకాశం ఎక్కువ.

మెడుల్లాలో వచ్చే ఫియోక్రోమోసైటోమా గడ్డ తలనొప్పి, గుండెదడ, ముచ్చెమటలతో బీపీని ఉన్నట్టుండి ఆకాశానికి ఎత్తుతుంది. ఈ రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి ఆర్‌ఈటీ, వీహెచ్‌ఎల్, ఎస్‌డీహెచ్‌బీ వంటి జన్యువుల్లో వారసత్వంగా వచ్చిన మార్పు ఉంటుంది. ఒకరిలో బయటపడితే అన్నదమ్ములకు, పిల్లలకు పరీక్ష చేయాలి.

జన్యువారసత్వం ఒక సమూహాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటుందో చెప్పడానికి అడ్రినల్‌కు సంబంధం లేని మరో తెలుగు ఉదాహరణ అవసరం. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని ఎనభైకి పైగా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినట్టు తేలింది. ఆంధ్రలోని వైశ్యులు వాటిలో ఒకరు. మత్తుమందు ఇచ్చేటప్పుడు వాడే స్కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము లోపం వీరిలో ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలుగా నిమిషాల్లో తీరిపోయే ప్రభావం వీరిలో గంటల తరబడి ఉండి ఊపిరి ఆగే ప్రమాదముంది. ముందే తెలిసిన మత్తు డాక్టరు మరో మందు ఎంచుకుంటాడు. కులం లోపలే పెళ్ళిళ్ళు జరిగితే, వధూవరులు దగ్గరి చుట్టాలు కాకపోయినా జన్యువులు దగ్గరివే కావచ్చునని ఇది చెబుతోంది.

వంశానికి సంబంధం లేని కారణాలు

1855లో లండన్‌లో థామస్ అడిసన్ వర్ణించిన అడ్రినల్ క్షీణతకు నాడు క్షయ ప్రధాన కారణం. మన దేశంలో నేటికీ అది ముఖ్య కారణాల్లో ఒకటి. నీరసం, బరువు తగ్గడం, ఉప్పు మీద యావ, అరచేతి గీతలూ చిగుళ్ళూ నల్లబడటం గుర్తులు. పొలంలోనో చేపల చెరువు గట్టు మీదో పనిచేసే మనిషి నల్లబడితే ఎండ అనుకుంటారు. చిగుళ్ళకు ఎండ తగలదు కదా. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది కనుక, అడ్రినల్ లోపం ఉందని తెలియకుండా ఆ మందు మొదలుపెడితే రోగి కుప్పకూలవచ్చు.

పల్లెల్లో ఇంతకంటే ఎక్కువగా కనిపించేది స్టెరాయిడ్ల వల్ల వచ్చే లోపం. కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి చీటీ లేకుండా నెలల తరబడి బెటామెథాసోన్, డెక్సామెథాసోన్ మింగితే సొంత గ్రంథి పని మానేస్తుంది. ముఖం ఉబ్బితే ఒళ్ళు చేశాడని సంతోషిస్తారు. మందు ఒక్కసారిగా ఆపిన వారంలోనో, చిన్న ఆపరేషన్ జరిగిన రోజునో బీపీ పడిపోతుంది. ఈ బిళ్ళల్ని క్రమంగా తగ్గించాలే తప్ప ఠక్కున ఆపకూడదు.

డెల్టాకు అందే దారి

2022 ఏప్రిల్ పునర్విభజనలో ముదినేపల్లి మండలం ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జన్యు నిర్ధారణకు హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధుల జాతీయ కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఒక బిడ్డలో మార్పు ఏదో తేలితే, మరుసటి గర్భంలో 10 నుంచి 12 వారాల మధ్య మావి నుంచి ముక్క తీసి పరీక్షించవచ్చు. ఇది చట్టబద్ధంగా నమోదైన కేంద్రంలోనే చేయాలి, లింగం చెప్పకూడదు.

తొలి పరీక్షకు హైదరాబాదు వెళ్ళనక్కరలేదు. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య మడమ నుంచి తీసిన నాలుగైదు రక్తపు చుక్కలను దట్టమైన వడపోత కాగితం మీద ఆరబెట్టి కవరులో పంపితే చాలు, ఐసు పెట్టె అక్కరలేదు. సీఏహెచ్ కోసం ఈ పద్ధతిని 1977లో సాంగ్యా పాంగ్ రూపొందించారు. గుడివాడ గాలిలో తేమ ఎక్కువ కనుక కాగితాన్ని నీడలో, పడుకోబెట్టి, మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. నెలలు నిండని బిడ్డల్లో ఈ పరీక్షలో కొలిచే 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ సహజంగానే ఎక్కువ ఉంటుంది కనుక మొదటి ఫలితం చూసి హడలిపోకుండా రెండోసారి పరీక్షించాలి. గోవా, చండీగఢ్, కేరళ తమ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ తరహా స్క్రీనింగ్‌ను ఆచరణలో పెట్టి చూపాయి. మేనరికాలు ఇంత ఎక్కువగా ఉన్న కృష్ణా, ఏలూరు జిల్లాల్లో ప్రతి కాన్పు గదిలోనూ ఇది జరిగి తీరాలి.

కాన్పుకు సిద్ధమవుతున్న కుటుంబాలకు ఒక మాట. బిడ్డను ఇంటికి తీసుకెళ్ళేముందు మడమ రక్తపరీక్ష చేయమని మీరే అడగండి. థైరాయిడ్‌తో పాటు సీఏహెచ్ కూడా చూడమని చెప్పండి. ఇంతకుముందు మీ ఇంట్లో గాని, మీ అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో గాని నెల తిరగకుండానే వాంతులతో పోయిన బిడ్డ ఉంటే, ఆ సంగతి దాచకుండా డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.